చుక్క తర్వాత మూడు సున్నాలు

ముహరఖ్‌లో పాత చేపల బజారు వెనక
నేను పనిచేసే టైపింగ్ సెంటర్.
పొద్దున్నే ఉమ్ జాసిం వచ్చింది
ఇంటి మీద రుసుం తగ్గించమని అర్జీ కొట్టించుకోడానికి.
"కొడుకు జీతం కలపాలా?" అంది.
"ఇంట్లో తింటాడా?" అన్నాను.
"శుక్రవారం మాత్రం. చేపలు వండితే."

ఫారంలో శుక్రవారానికి గడి లేదు.
కుటుంబం అంటే, అని అడుగున చిన్నక్షరాల్లో ఉంది,
ఒకే వంటింట తినేవాళ్లు.
కొడుకుని తీసేశాను.
ఆమె ముఖంలో ఊరట, దాని వెనకాలే
వేరుకాపురం నేనే పెట్టించినట్టు ఒక చూపు.

ఒకే వంటింట తినేవాళ్లు!
ఆ లెక్కన గుదైబియాలో, మూడో అంతస్తులో
మేం ఏడుగురం ఒక కుటుంబం.
రాజలింగానిది మల్యాల, ఓబులేసుది చిట్వేలి,
మస్తాన్‌ది కావలి దగ్గర ఏదో రేవు.
కూరలో కారం దగ్గరే మాకు కలవదు,
ఇక మిగతావి అడక్కండి.

ఖాళీ ఫారం ఒకటి మడిచి జేబులో పెట్టుకొచ్చాను.
రాత్రి భోజనాలయ్యాక నేలమీద పరిచాను, సరదాకే.
ఇంటి యజమాని? అందరూ నవ్వారు.
ఇంటి పెద్ద? "రైస్ కుక్కర్" అన్నాడు మస్తాన్.

మా కరెంటు బిల్లులోనూ ఉందా గీత,
అద్దె మీద నూటికి పది, మునిసిపాలిటీకి.
నూట ఎనభైకి పద్దెనిమిది దీనార్లు.
మెస్సు లెక్కలు నావే కాబట్టి ఏడు భాగాలు చేసేవాణ్ణి:
తలా రెండు దీనార్ల ఐదువందల డెబ్బైఒక్క ఫిల్సు.
మిగిలిన మూడు ఫిల్సులు నేనే వేసుకునేవాణ్ణి,
అదేదో గొప్ప అనుకుని.
క్రేన్ ఎక్కేవాడికీ అంతే, కార్లు తుడిచేవాడికీ అంతే.
సమానం కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆదాయం గడి దగ్గర గొంతులు తగ్గాయి.
ఏడాదిన్నరగా పక్కపక్కనే పడుకుంటున్నాం,
ఎవడు నిద్రలో ఎవరి పేరు పిలుస్తాడో తెలుసు,
ఎవడి జీతం ఎంతో తెలీదు.
"గిదంత ఎందుకు రాస్తున్నవే" అంటూనే
మూడువందల ఇరవై అన్నాడు రాజలింగం.
ఓబులేసు గోడకేసి తిరిగి చెప్పాడు:
"తొంబై. ఇంటికాడ నూటిరవై అని చెప్పుండా."
ఏసుదాసు నోరు విప్పలేదు.
వాళ్ల కంపెనీ జీతాలాపి నాలుగు నెలలు.
నేనే రాశాను, సున్నా అని.
ఫిల్సుల దేశంలో ఒక్క సున్నాకి ఒప్పుకోరు,
చుక్క పెట్టి ఇంకో మూడు రాయాలి.

ఆ రాత్రి చాప మీద చట్టం చేశాం.
నూటయాభై లోపు వాళ్లకి సగం.
జీతం రానివాడికి మాఫీ.
తక్కువ పడింది క్రేన్ ఎత్తాలి.
రాజలింగం ఊఁ అన్నాడు,
తెల్లారి చాయ్ దగ్గర ఆ ఊఁని రెండుసార్లు వెనక్కి తీసుకున్నాడు,
సాయంత్రం మాత్రం డబ్బు లెక్కపెట్టి
నా దిండు కింద పెట్టి పోయాడు.

మాఫీ ఒద్దన్నవాడు ఏసుదాసు.
"అర్జీ నేను పెట్టుకోలేదు గదండీ."
సబ్బుపెట్టెలోంచి వంద ఫిల్సుల బిళ్లలు మూడు తీసి
బిల్లు మీద వరసగా పేర్చాడు.
"బియ్యం పోసేటప్పుడు నన్ను లెక్కేస్తారు,
పన్ను కట్టేటప్పుడూ లెక్కేయండి."
ఎవరం మాట్లాడలేదు.
వాడు లేచి గిన్నెలు తోమడానికి వెళ్లాడు,
అవాళ వంతు వాడిది కూడా కాదు.

ఆ మూడొందలు ఏ పద్దులో రాయాలో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

మొన్న ఉమ్ జాసిం మళ్లీ వచ్చింది.
కొడుకు పేరు కలపమంది.
"తగ్గింపు పోతుందమ్మా" అన్నాను నాకొచ్చిన అరబ్బీలో.
"పోనీ. వాడు శుక్రవారం వస్తాడుగా."

కొత్త ఫారం తెరిచాను.
పేరు. ఇంటి నంబరు. వీధి.
తినేవాళ్లు ఎందరు.